డిసెంబరు నాల్గవ తేదీ: తేదీలతో వ్రాయు సంగీతచరిత్రను గూర్చి

పాశ్చాత్యదేశములందు సంగీతమును గూర్చి వ్రాయువారిలో ఒక యలవాటు కలదు. సంవత్సరమునందలి మూడువందల అరువదియైదు దినములను వరుసగా నిలిపి, ఒక్కొక్క దినము క్రింద రాక్ అండ్ రోల్ సంగీతమునకు సంబంధించిన విశేషములను చేర్చుదురు. ఆనాడు ఏ గాయకుడు పుట్టెను, ఏ వాద్యకారుడు గతించెను, ఏ పాట రికార్డయ్యెను, ఏ బృందము విడిపోయెను అనునవి యందలి విషయములు. రేడియోవారు ప్రొద్దుట చదువుటకును, పత్రికలవారు మిగిలిన చోటు నింపుటకును ఇవి మిక్కిలి యనుకూలములు. మన దినపత్రికలలోని "చరిత్రలో ఈ రోజు" అను శీర్షికయు నీ జాతికి చెందినదే. పాఠశాలలలో ప్రార్థనానంతరము విద్యార్థిచేత చదివించు నేటి విశేషము దానికి తమ్ముడు.

ఇట్టి పట్టికలను తేలికగా చూచుట నా యుద్దేశము కాదు. బోధకులకు తేదీ చేయు మేలు చిన్నది కాదు. "పూర్వ మొకానొకప్పుడు" అని మొదలిడిన పాఠము తరగతిలో నిలువదు. "1956వ సంవత్సరము, మంగళవారము" అని మొదలిడినచో పిల్లవాడు తల యెత్తును. తేదీ సాక్ష్యము, కట్టుకథకు పగ్గము. ఐనను సాక్ష్యము వేరు, తీర్పు వేరు. ఈ పట్టికలు సాక్ష్యములను కుప్పవోసి, తీర్పు చెప్పినట్లు నటించుచున్నవని నా యారోపణ. దీనిని నిరూపించుటకు సంవత్సరమంతయు నక్కరలేదు. ఒక్క దినము చాలును. డిసెంబరు 4వ తేదీని తీసికొందము. తెలుగువారి కది ఘంటసాల జయంతి. అందుచేత మనకు పరాయి దినము కాదు.

ఆ దినము క్రింద కానవచ్చు విశేషము లివి. మన పట్టికలలో, 1922లో కృష్ణాజిల్లా గుడివాడ సమీపమున చౌటపల్లియందు ఘంటసాల వేంకటేశ్వరరావు జననము. పాశ్చాత్యుల పట్టికలలో, 1944లో బీచ్ బాయ్స్ బృందమునకు చెందిన డ్రమ్ము వాద్యకారుడు డెనిస్ విల్సన్ జననము. 1956లో అమెరికాలోని మెంఫిస్ నగరమున నలుగురు గాయకుల కూడిక. 1971లో స్విట్జర్లాండులోని మాంట్రో పట్టణమున వినోదశాల దగ్ధమగుట. 1976లో గిటారు వాద్యకారుడు టామీ బోలిన్ మరణము. 1980లో లెడ్ జెప్లిన్ బృందము తాము ఇక కొనసాగజాలమని ప్రకటించుట. 1993లో ఫ్రాంక్ జాపా మరణము. ఇందు ప్రతిదియు యథార్థమే. వీనిలో ఒకదానికొకటి యేమి సంబంధమని యడిగినచో మాత్రము పట్టిక మౌనము వహించును.

వీనిలో పెద్దపీట మెంఫిస్ కూడికదే కనుక దానినే ముందు పరిశీలింతము. ఆ నగరమున యూనియన్ వీథిలో 706వ నంబరు గల చిన్న భవనమున శామ్ ఫిలిప్స్ అను నాతడు సన్ అను పేర రికార్డుల సంస్థ నడుపుచుండెను. ఆనాడు కార్ల్ పెర్కిన్స్ తన సోదరులతో గూడి పాటలు రికార్డు చేసికొనుటకు వచ్చెను. అప్పటికింకను పేరు రాని జెర్రీ లీ లూయిస్‌ను ఫిలిప్స్ పియానోవద్ద కూర్చుండబెట్టెను. అంతలో ఎల్విస్ ప్రెస్లీ వచ్చెను. ఇతడు మొదట ఫిలిప్స్ వద్దనే పాడినవాడు. 1955 నవంబరులో ఫిలిప్స్ ఇతని ఒప్పందమును 35,000 డాలర్లకు ఆర్.సి.ఏ. సంస్థకు అమ్మివేసెను. అనగా ఆనాడు ప్రెస్లీ పాటగాడుగా గాక, పుట్టినింటికి వచ్చిన యాడపడుచువలె వచ్చినాడన్నమాట. జానీ క్యాష్ కూడ ఉండెను. ప్రెస్లీకిని లూయిస్‌కును ఇరువదియొక్క యేండ్లు. తక్కిన యిరువురకు ఇరువదినాలుగు. ఫిలిప్స్ వ్యాపారము తెలిసినవాడు. వెంటనే స్థానిక పత్రికకు కబురు చేసెను. విలేఖరి బాబ్ జాన్సన్ వచ్చి చూచి, మరునాటి పత్రికలో వారిని దశలక్ష డాలర్ల చతుష్టయ మని వర్ణించెను. నలుగురును పియానోచుట్టు నిలిచిన ఛాయాచిత్రము ప్రకటితమయ్యెను. ఆ పేరును, ఆ చిత్రమును నేటికిని నిలిచియున్నవి.

పట్టిక చెప్పునది ఇంతవరకే. దీనికి పైన అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు: ఆ గదిలో వారు పాడిన దేమి?

టేపు తిరుగుచుండుటవలన దీనికి సమాధానము దొరకుచున్నది. అది విన్నవా రెవ్వరును మొదట ఆశ్చర్యపడక తప్పదు. రాక్ అండ్ రోల్ సంగీతమునకు మూలపురుషులని పేరొందిన వారు కూడి, పెద్ద భాగము చర్చి పాటలే పాడినారు. నీగ్రో క్రైస్తవుల భక్తిగీతములు, పల్లెటూరి ప్రార్థనాగీతములు, పాత జానపదములు. ఒకడు ఎత్తుకొనుట, మరొకడు అందుకొనుట, ఒక చరణము మరచిన చోట నవ్వుట. ప్రెస్లీయు లూయిస్‌ను ఒకే క్రైస్తవశాఖకు చెందిన కుటుంబములలో పెరిగినవారు. ఆ పాటలు వారికి పుస్తకము చూడకయే వచ్చును. మన పల్లెలలో భజనగోష్ఠిలో పెరిగిన ఇద్దరు యువకులు పట్నములో కలిసికొన్నచో, ముందు గొంతునకు వచ్చునది సినిమాపాట కాక రామదాసు కీర్తన యగుట ఎట్టిదో, ఇది యట్టిదే. 1956 డిసెంబరు 4 అని పట్టిక ముద్రవేసిన ఆ సంగీతములో తేదీ యెరుగని సంగీతమే యెక్కువ.

ఆ టేపునందే మరొక ముఖ్యవిషయము కలదు. ప్రెస్లీ తన "డోంట్ బీ క్రూయల్" అను పాటను గూర్చి స్నేహితులకు చెప్పుచు, లాస్ వేగాస్ నగరమున బిల్లీ వార్డ్ బృందములోని నల్లజాతి గాయకు డొకడు దానిని పాడగా విన్నాననియు, అతడు తనకంటె బాగుగా పాడినాడనియు ఒప్పుకొనెను. పేరు చెప్పలేదు. ఆ గాయకు డెట్లు మాటను సాగదీసెనో, ఎట్లు ముగించెనో అనుకరించి చూపెను. ఆ పేరు చెప్పని గాయకుడు జాకీ విల్సన్. ఇక ఆ పాట కట్టినవాడు ఓటిస్ బ్లాక్‌వెల్, అతడును నల్లజాతివాడే. ముద్రిత రికార్డుపై అతని పేరు ప్రక్కన ప్రెస్లీ పేరును చేర్చిరి. కావున మనము వినునది నల్లజాతివాడు కట్టిన పాటను, తెల్లజాతివాడు పాడగా, దానిని మరొక నల్లజాతివాడు పాడిన తీరును, ఆ తెల్లజాతివాడే మెచ్చి యనుకరించుట. రాక్ అండ్ రోల్ సంగీతపు పుట్టుపూర్వోత్తరము లన్నియు ఈ కొలది నిమిషములలో నున్నవి. ఛాయాచిత్రములో నున్నది నలుగురు తెల్లవారు మాత్రమే. పట్టిక టేపును వినదు, చిత్రమును చూచును.

ఆనాడు పెర్కిన్స్ రికార్డు చేసిన "మ్యాచ్‌బాక్స్" అను పాట సంగతియు నిట్టిదే. పట్టికలో అది 1956 నాటి పాట. కాని టెక్సాస్ ప్రాంతమునకు చెందిన అంధగాయకుడు బ్లైండ్ లెమన్ జెఫర్సన్ 1927లోనే ఆ పేరు గల బ్లూస్ పాటను రికార్డు చేసియున్నాడు. అందలి ముఖ్యమైన పోలిక 1924లో మా రెయినీ అను గాయని పాడిన రికార్డునందును వినిపించును. ఆమెకు ముం దెవరు పాడిరో రికార్డులు లేని కాలపు మాట. పెర్కిన్స్‌కు ఆ మాటలు తండ్రి నోట వచ్చినవి. 1964లో దానిని ఇంగ్లండునకు చెందిన బీటిల్స్ బృందము పాడెను. ఇట్టి పాట ఏ దినమునకు చెందినదని చెప్పవలెను? నదికి పుట్టినదిన మడిగినట్లున్నది.

ఇక ఆ కూడిక చారిత్రకసంఘటన యైన దెప్పుడో చూడుడు. ఆ టేపును ఫిలిప్స్ ప్రకటింపలేదు. ప్రకటించుటకు ఆర్.సి.ఏ. వారితో నున్న ఒప్పందము అడ్డు. 1981లో గాని అందలి కొంతభాగము గ్రామఫోను రికార్డుగా వెలువడలేదు. అప్పటికి ప్రెస్లీ మరణించి నాలుగేండ్లు. ఇరువదియైదేండ్లకాలము ఆ కూడిక యొక చిత్రము, ఒక వార్త, ఒక వదంతి మాత్రమే. కనుక ఏ సంగీతకారుడును ఆ కాలమున ఆ టేపు విని నేర్చుకొన్నది లేదు. పైగా టేపునందు క్యాష్ గొంతు స్పష్టముగా వినబడదు. తాను మైకునకు దూరముగా నిలిచి, హెచ్చు స్థాయిలో పాడితినని ఆయన స్వీయచరిత్రలో చెప్పుకొనవలసి వచ్చెను. చతుష్టయమని లోకము చెప్పుకొను దానిలో నాలుగవ గొంతు వెదకుకొనవలసినదే.

పట్టికలకు ప్రీతిపాత్రమైన మరొక మాట "మొట్టమొదటి" అనునది. మొదటి రాక్ అండ్ రోల్ రికార్డు ఏది యను వాదము నేటికిని తెగలేదు. ఫిలిప్స్ ఆ గదిలోనే 1951 మార్చిలో రికార్డు చేసిన "రాకెట్ 88" అని కొంద రందురు. పాడినవాడు జాకీ బ్రెన్‌స్టన్; వెనుక నున్నది ఐక్ టర్నర్ బృందము. అది మార్చి 3వ తేదీయా, 5వ తేదీయా యనుటలోనే ఏకాభిప్రాయము లేదు. 1954 జూలై 5న ప్రెస్లీ పాడిన "దట్స్ ఆల్ రైట్" అని మరికొందరు. దానిని కట్టిన ఆర్థర్ క్రుడప్ 1946లోనే పాడి రికార్డు చేసియున్నాడు. బిల్ హేలీ "రాక్ ఎరౌండ్ ది క్లాక్" 1954 ఏప్రిల్ 12న రికార్డయ్యెను. ఆ యేడు ఎవ్వరును దానిని పెద్దగా పట్టించుకొనలేదు. మరుసటియేడు "బ్లాక్‌బోర్డ్ జంగిల్" అను చలనచిత్రపు ఆరంభమున వినిపించిన పిమ్మట లోక మూగిపోయెను. ఆ చిత్రకథ ఉపాధ్యాయుని మాట వినని విద్యార్థులు గల యొక పాఠశాలను గూర్చినది. మావంటివారు దానిని సంగీతచరిత్రకంటె వృత్తిచరిత్రగా చూడవలసియుండును! ఇందు ఏప్రిల్ 12ను పట్టిక పండుగ చేయును. ఆ పాటకు బలము వచ్చిన దినము వేరు, బలము నిచ్చిన కళ వేరు.

కార్యమును కారణమునుండి వేరుచేయుట పట్టికకు స్వభావము. డిసెంబరు 4నే యున్న లెడ్ జెప్లిన్ విషయము చూడుడు. వారు విరమించుటకు కారణము డ్రమ్ము వాద్యకారుడు జాన్ బోనమ్ మృతి. అది 1980 సెప్టెంబరు 25. పట్టికలో చావు ఒక పుటలో, దాని ఫలితము డెబ్బది పుటల యవతల. నడుమ నున్న రెండు నెలల పైచిలుకు కాలమున మిగిలిన ముగ్గురు, మరొక వాద్యకారుని తెచ్చుకొందమా, మానుదమా యను విషయమున నెట్లు నిర్ణయించుకొనిరో, అదియే సంగీతదృష్టిచే ముఖ్యము. బోనమ్ దెబ్బ ఆ బృందమునకు తాళము మాత్రమే కాదు, నిర్మాణము. తాళము మార్చవచ్చును, నిర్మాణము మార్చినచో ఇల్లే వేరగును. దీనిని చెప్పుటకు తేదీ చాలదు, చెవి కావలెను.

మాంట్రో దహనము మరింత విచిత్రము. 1971లో ఆ దినమున ఫ్రాంక్ జాపా బృందము పాడుచుండగా, శ్రోత యెవ్వడో మంటలు విరజిమ్ము బాణమును పైకప్పు మీదికి వదలెను. వినోదశాల యంతయు కాలిపోయెను, ప్రాణనష్టము కలుగలేదు. ఆ శాలలోనే తమ రికార్డు చేసికొనుటకు వచ్చియున్న డీప్ పర్పుల్ బృందమువారు జెనీవా సరస్సు మీద పొగ పరచుకొనుట చూచిరి. "స్మోక్ ఆన్ ది వాటర్" అను పాట అందుండి పుట్టెను; 1972 మార్చిలో వెలువడిన "మెషీన్ హెడ్" అను సంపుటిలో చేరెను. జాపా విషయమునకు వత్తము. వాద్యములు పోయినను అతడు లండనునకు పోయి, ఆఱు దినములకు, అనగా డిసెంబరు 10న పాడుచుండగా, ఒక శ్రోత అతనిని వేదికమీదినుండి క్రిందికి త్రోసివేసెను. గాయములు మానుటకు నెలలు పట్టెను. అతని కంఠస్థాయియే తగ్గిపోయెను. వినువానికి ఆ తరువాతి జాపా గొంతు వేరు. ఈ సంగతి డిసెంబరు 4 క్రింద లేదు. అదే డిసెంబరు 4న, ఇరువదిరెండేండ్ల తరువాత, అతడు వ్యాధిచే మరణించుట మాత్రము దహనము ప్రక్కనే చేరి, ఏదో విధివిలాసమువలె తోచుచున్నది. సంబంధము లేనిచోట సంబంధము కల్పించుట, ఉన్నచోట త్రెంచుట పట్టిక చేయు పని. జ్యోతిష్కు డిట్లు చేసిన క్షమింపవచ్చును.

ఇంతకును ఒక దినము గొప్పదగుటకు తరచు దానిపై వ్రాసిన వాని చేయియే కారణము. 1959 ఫిబ్రవరి 3న అయోవా రాష్ట్రమున విమానము కూలి బడ్డీ హాలీ, రిచీ వాలెన్స్, జె.పి. రిచర్డ్‌సన్ అను ముగ్గురు గాయకులు మరణించిరి. ఆ దినమునకు సంగీతము మరణించిన దినమని పేరు వచ్చినది 1971లో డాన్ మెక్లీన్ "అమెరికన్ పై" అను పాట పాడిన పిమ్మట. పన్నెండేండ్ల తరువాత వచ్చిన పాట తేదీకి పేరు పెట్టినది. తేదీ పాటను కన్నదనుటకంటె పాట తేదీని కన్నదనుట న్యాయము.

ఈ విమర్శ మన యింటికి రావలసియున్నది. మెంఫిస్ కూడిక జరిగిన మరుసటియేడే, 1957లో, "ఆశా" అను హిందీ చిత్రమునకు సి. రామచంద్ర రాక్ అండ్ రోల్ లయతో "ఈనా మీనా డీకా" కట్టెను. మహారాష్ట్రుడైన ఆ సంగీతదర్శకుని పాట మా చంద్రపుర ప్రాంతపు పెద్దలకు నేటికిని నోటనున్నది. అదే సంవత్సరమున మనకు "మాయాబజార్" వచ్చెను. ఆ చిత్రమునకు సంగీతదర్శకుడుగా పేరు ఘంటసాలది. నాలుగు పాటల వరుసలు మాత్రము సాలూరి రాజేశ్వరరావు కట్టినవి. ఆయన తొలగిపోగా ఘంటసాల వానికి వాద్యసమ్మేళనము కూర్చి రికార్డు చేయించెను. ఆ పాటలు ఎవరి వనవలెను? విడుదల దినమును మాత్రము చెప్పి ఊరకొన్నచో ప్రశ్నయే పుట్టదు.

ఏటేట డిసెంబరు 4న వెలువడు ఘంటసాల జయంతివ్యాసములను చాలకాలముగా చదువుచున్నాను. వానిలో క్రమము స్థిరపడిపోయినది. తండ్రి సూరయ్య నారాయణతీర్థుల తరంగములు పాడుట, బాలుడు వానికి నాట్యమాడి మెప్పు పొందుట, తండ్రిని పోగొట్టుకొనుట, విజయనగరమున పట్రాయని సీతారామశాస్త్రివద్ద శిష్యరికము, మధుకరవృత్తి, 1942 ఉద్యమమున చెరసాల, మద్రాసు, 1970లో పద్మశ్రీ, 1974 ఫిబ్రవరి 11న నిర్యాణము. జోలె పట్టి చదువుకొన్న బాలుని కథ హృదయమును కదలించును. మా విద్యార్థులకు నేనును చెప్పుచుందును. కాని ఘంటసాల తెలుగుపాటకు చేసిన దేమి యను ప్రశ్నకు ఆ కథ సమాధానము కాదు.

సమాధానము నాకు తోచినది చెప్పెదను. రంగస్థలముమీద పద్యము పాడు నటునకు మైకు లేని కాలమున వెనుకవరుసవరకు గొంతు చేర్చవలసిన పని యుండెను. అందుచే పద్యము చివర రాగము దీర్ఘమయ్యెను. శ్రోతలు మరల పాడుమని కేకలు వేయుట గౌరవమయ్యెను. అర్థము రాగములో మునిగెను. ఘంటసాల ఆ సంప్రదాయమును వదలలేదు, తగ్గించెను. రాగమును పద్యభావమునకు సరిపడునంతయే యుంచి, సమాసమును ఎక్కడ విరువవలెనో అక్కడ విరిచి, ఒక్కొక్క మాటను మైకునకు దగ్గరగా చెప్పెను. కరుణశ్రీ "పుష్పవిలాపము" ఆయన కంఠమున విన్నవారికి ఇది వేరుగ చెప్పనక్కరలేదు. చదువురానివారును ఆ పద్యముల నొప్పజెప్పగలిగిరి. 1953 నాటి "దేవదాసు"లో సి.ఆర్. సుబ్బరామన్ వరుసలకు ఆయన పాడిన పాటలలోను ఇదే గుణము: గట్టిగా పాడుట తగ్గి, దగ్గరగా పాడుట హెచ్చెను.

సరిగా ఆ దశాబ్దముననే మెంఫిస్ నగరమున శామ్ ఫిలిప్స్ చేయుచున్న దేమి? చర్చిలో మేడ యదిరిపోవునట్లు పాడు నలవాటు గల యువకుల గొంతును చిన్నగదిలో మైకు ముందుంచి, రెండు టేపు యంత్రములచే వెనువెంటనే ప్రతిధ్వని వచ్చునట్లు చేసి, శ్రోత చెవిలో పాడినట్లు వినిపించుట. మద్రాసున పద్యము, మెంఫిస్‌న ప్రార్థనాగీతము; రెండును సమూహముకొరకు పుట్టి, మైకు ముందునకు వచ్చి మారినవి. ఒకరి నొకరు విన్నవారు కారు. ఇందు ప్రభావమనునది లేదు. యంత్ర మొకటే. గొంతునకును మైకునకును కుదిరిన ఈ కొత్త చుట్టరికమే ఇరువదవ శతాబ్ది నడుమ సంగీతమున కలిగిన పెద్దమార్పని నా యభిప్రాయము. దానికి జన్మదినము లేదు, కావున ఏ పట్టికలోను చోటు లేదు. ఘంటసాల పుట్టిన తేదీయు మెంఫిస్ కూడిక తేదీయు ఒకటే యగుట కేవలము యాదృచ్ఛికము. వానినడుమ గల నిజమైన పోలిక తేదీలో లేదు.

మన పూర్వులు తిథిని పాటించిరి, కనుక వారికి ఈ దోషము లేదని కొంద రందురు. ఈ వాదమును నేను సగమే యంగీకరింతును. త్యాగరాజస్వామి 1847 జనవరి 6న, పుష్య బహుళ పంచమినాడు సిద్ధిపొందిరి. తిరువాయూరున ఆరాధన తిథిని బట్టి జరుగును. అచట సమాధిమందిరము నిర్మింపజేసినది బెంగుళూరు నాగరత్నమ్మ. స్త్రీలకు అచట పాడుట కధికారము లేదన్నవారితో పోరాడి, పాడినదియు నామెయే. తిథి వచ్చినప్పుడు జనులు కూడి, జరిగినది చదువరు, పంచరత్నకృతులు పాడుదురు. పట్టిక స్మరింపుమనును, తిథి పాడుమనును. ఈ భేదము గొప్పది. కాని తిథికి సంవత్సరము లేదు. అందువలన పాడువారిలో పెక్కుమందికి త్యాగరాజు కాలము పురాణకాలమువలె తోచును. ఆయన జీవించిన కాలముననే బాలుస్వామి దీక్షితులు పాశ్చాత్యుల ఫిడేలును మన సంగీతమునకు తెచ్చుట, కుంపిణీ యధికారము తంజావూరున వేళ్లూనుట జరిగినవని చెప్పినచో వినువారు తెల్లబోవుదురు. ఇక్కడ తేదీ లేక తీరదు.

తేదీ యుండియు చాలని స్థితికి అన్నమాచార్యుని రాగిరేకులు సాక్ష్యము. పదునారవ యేట మొదలుకొని సంకీర్తనలు చెప్పిన ఆ మహనీయుడు శకవర్షము 1424, దుందుభి సంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశినాడు, అనగా 1503లో, పరమపదించినట్లు ఆ రేకులే చెప్పుచున్నవి. ప్రతి సంకీర్తనకు రాగము పేరు చెక్కబడినది. కాని స్వరము లేదు. ఆయన పాడిన వరుస ఏదియో చెప్పగలవారు లేరు. నేడు మనము వినునవి రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మొదలగు పెద్దలు ఇరువదవ శతాబ్దమున కూర్చినవి, ఆ పిమ్మటివారు కూర్చినవి. తేదీ నిలిచినది, సాహిత్యము నిలిచినది, రాగనామము నిలిచినది, వరుస పోయినది. మెంఫిస్ టేపులో వరుస నిలిచి, పాడినవానికి పాట నిచ్చినవాని పేరు పోయెను. ఏది పోయినదో చూచినగాని ఏది నిలిచినదో విలువ కట్టరాదు.

తేదీకి లొంగని పాటలు మా యూరనే యున్నవి. 1956 నవంబరు 1న రాష్ట్రముల పునర్విభజన జరుగగా, అంతవరకు హైదరాబాదు రాష్ట్రమున ఆదిలాబాదు జిల్లాలో నుండిన రాజూరా తాలూకా బొంబాయి రాష్ట్రమునకు పోయి, 1959లో మా జిల్లాలో కలిసెను. ఆ పునర్విభజన మెంఫిస్ కూడికకు నెలకు కొంచెము పైగా ముందు. ఒక్క తేదీతో ఎందరి చిరునామాలో మారినవి. అట్టి తేదీని ఎవరు చిన్నచూపు చూడగలరు? ఐనను వార్ధానదికి ఇరుప్రక్కల బొగ్గుగనుల వాడలలో భాద్రపద అమావాస్యనాడు బతుకమ్మను పేర్చు స్త్రీలు ఆ యేడు పాట మార్చినట్లు ఎవరును చెప్పరు. కరీంనగరమునుండి వచ్చినవారి వీథిలో ఒక వరుస, ఆదిలాబాదువారి వీథిలో మరొక వరుస. రెండు వీథులకు పిల్లనిచ్చి పుచ్చుకొన్నచోట మూడవది. ఏది ఎప్పుడు మారెనో వారికి తెలియును: ఫలానా కోడలు వచ్చిన తరువాత, ఫలానా గని మూతపడిన తరువాత. ఇదియు నొక కాలగణనమే. మన సంఘములు వెలువరించు జయంతుల పట్టికలలో దానికి చోటు లేదు.

గత దసరా సెలవులలో మా తరగతి బాలబాలికలను ఇంటిపెద్దల పాట ఒక్కొక్కటి సేకరించి తెమ్మంటిని. ఎనిమిదవ తరగతి బాలిక యొకతె తన అమ్మమ్మ పాడిన ఉయ్యాలపాటను ఫోనులో పట్టి తెచ్చినది. పాట నిడివి పదునొకండు నిమిషములు. నడుమ ముసలామె దగ్గు, కుక్క యరపు, ఎవరో నీళ్లు వచ్చినవని కేకవేయుట. ఒకచోట ఆమె ఆగి, "ఇది మా అత్త ఇట్ల పాడకపోవు, నేనే మార్చిన" అని నవ్వినది. ఆ దస్త్రమునకు ఫోను తనంత తానుగా పెట్టిన పేరు తేదీ మాత్రమే: సంవత్సరము, నెల, దినము, గంట, నిమిషము, ఒకే వరుసలో అంకెలు. ఎన్నడైన ఒకడు దానిని కనుగొని పట్టికలో చేర్చినచో ఆ పాట ఆనాటిదని వ్రాయును. "మ్యాచ్‌బాక్స్" 1956 నాటిదని వ్రాసినట్లే. పాట పేరు, అమ్మమ్మ పేరు, ఆమె పుట్టిన యూరు, ఆమెకు ఆ పాట నేర్పిన అత్తగారి పేరు, ఆమె మార్చిన చరణ మెన్నవదో ఆ బాలిక రూళ్ల కాగితముమీద వేరుగా వ్రాసి, ఫోనుతోపాటు నా బల్లపై పెట్టినది.